ఎవరూ వాడని తలుపు

వెర్నా టోలెఫ్‌సన్ కారు ఎదురొస్తుంటే కొత్తవాళ్లు భయపడి రోడ్డు దిగిపోతారు. స్టీరింగు ముందు ఎవరూ ఉండరు మరి. పక్క సీట్లో అరవై మూడేళ్ల ఆడమనిషి కిటికీకి ఆనుకుని, ఒళ్లో ఉత్తరాల కట్ట పెట్టుకుని, ఎడమచేత్తో స్టీరింగూ ఎడమకాలితో బ్రేకూ అందుకుంటూ దర్జాగా వస్తూ ఉంటుంది. ఉత్తర డకోటా పల్లెల్లో ఉత్తరాలు పంచే కొలువు అలాంటిది. కారు సొంతం, అక్కడి కార్లకు స్టీరింగు ఎడమవైపు, ఇంటింటి ఉత్తరాల డబ్బాలన్నీ రోడ్డుకు కుడిపక్కన. ఎడమ సీట్లో కూర్చుంటే డబ్బాకు చెయ్యి అందదు, కుడి సీట్లో కూర్చుంటే బ్రేకుకు కాలు అందదు. వెర్నా కాళ్లు పొడుగు కాబట్టి ఇరవై ఆరేళ్లుగా గడిచిపోతోంది. ముందు సీటు బెంచీలా ఉండే పాత కార్లు తప్ప ఆమె కొనదు.

మనిషి మంచిదే గానీ నోరు మంచిది కాదు. ఎవరి డబ్బా మూతైనా బిగుసుకుపోతే ఉత్తరాలతోపాటు చీటీ కూడా పడుతుంది, “నూనె పెట్టండి, నాకున్నవి పది వేళ్లే” అని. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లు లేకపోలేదు, ఇద్దరున్నారు. ఒకడికి బేస్‌బాల్ అంటే గిట్టదు. రెండోవాడు షికాగో జట్టు మనిషి. వెర్నా లెక్కలో రెండోదే పెద్ద నేరం. చిన్నప్పుడు వాళ్ల నాన్న కొట్టంలో పాలు పితుకుతూ రేడియోలో ఆట పెట్టేవాడు. మిన్నెసోటా జట్టు ఓడిపోతే ఆవులకు కూడా ఆ సంగతి తెలిసేదని ఆమె అంటుంది.

అందుకే ఉత్తరాల కార్లో ఆమెకు ఆట వినబడాలి. కారుతో వచ్చిన రేడియో కారుకంటే ముందే కన్నుమూసింది. ఆ మట్టిరోడ్ల మీద ఫోను పలకదు. దాంతో ఉపగ్రహం రేడియో కొనుక్కుంది. అరచేతిలో పట్టే డబ్బా ఒకటి ముందు అద్దం కింద ఉంటుంది. యాంటెన్నా అంటే కారు పైకప్పు మీద అయస్కాంతంతో అతుక్కునే నల్లటి బిళ్ల. ఆ బిళ్ల నుంచి సన్నని తీగ తలుపు సందులోంచి లోపలికొచ్చి డబ్బా వెనక దూరుతుంది. మొన్న ఆగస్టులో వడగళ్లు పడి పాత బిళ్ల పగిలిపోతే, ఊళ్లో కార్లు బాగుచేసే డ్వేన్ కెల్లర్ కొత్తది బిగించి ఇచ్చాడు.

ఇక ఓర్లిన్ ఆస్బీ సంగతి. ఎనభై ఏళ్ల రైతు, నూట పద్నాలుగో డబ్బా ఆయనది. మార్చిలో భార్య మార్లిస్ పోయాక ఆయన గడప దాటడం మానేశాడు. డబ్బాలో ఉత్తరాలు పేరుకుపోయాయి. ఊరివాళ్లు హాట్‌డిష్ అని పిలుచుకునే వేడి వంటకం గిన్నెల్లో తెచ్చి గుమ్మంలో పెట్టి పోయారు గానీ లోపలికి వెళ్లి కూర్చున్నవాళ్లు లేరు. అక్కడి తీరే అంత. ఊరికే ఒకరింటికి ఎవరూ వెళ్లరు. పార్సిలో, అరువు తెచ్చుకున్న నిచ్చెనో, ఖాళీ గిన్నో, చేతిలో ఏదో ఒక సాకు ఉండాలి. ‘మిమ్మల్ని చూద్దామని వచ్చాను’ అంటే అవతలివాడు కంగారుపడి, ఒంట్లో ఏమైనా బాగోలేదా అని అడుగుతాడు. కాఫీ తాగుతారా అంటే రెండుసార్లు వద్దనాలి, మూడోసారి అడిగితే ‘సరే, అరకప్పు’ అనాలి. మొదటిసారికే సరే అన్నవాడు ఎక్కడో బయటినుంచి వచ్చినవాడై ఉంటాడు.

జూన్‌లో ఓ రోజు ఓర్లిన్ ఎలాగో డబ్బా దాకా నడిచొచ్చాడు. వెర్నా రేడియోలో ఆట నడుస్తోంది. ఆయన కిటికీ మీద మోచెయ్యి ఆనించి, “స్కోరెంత?” అన్నాడు.

“మనవాళ్లు రెండు వెనక.”

“అది తెలిసిందేగా.”

అలా ఒక ఇన్నింగ్స్ అంతా నిలబడి విన్నాడు. “మా ఇంట్లో రేడియో పోయింది, గరగర తప్ప ఏమీ రాదు” అని చెప్పి వెళ్లాడు. మర్నాటినుంచి వెర్నా తన మధ్యాహ్నం శాండ్‌విచ్ ఆ డబ్బా దగ్గరే తినడం మొదలుపెట్టింది. సరిగ్గా రెండింటికి ఆయన ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని నిలబడి ఉండేవాడు. ఆట ఉంటే ఆట, లేకపోతే నిన్నటి ఆట మళ్లీ. వేసవంతా అలా గడిచింది. ముసలాయన్ని మళ్లీ మనుషుల్లోకి లాగింది తనేనని వెర్నాకు లోలోపల గర్వం. ఆ రేడియో లేకపోతే ఆయన మళ్లీ ఆ చీకటి ఇంట్లో ముడుచుకుపోతాడని భయం కూడా.

అక్టోబరు మొదటి సోమవారం ఆ రేడియో మూగబోయింది.

మొదటి డబ్బా దగ్గర మీట నొక్కితే చిన్న తెర మీద ‘యాంటెన్నా చూసుకోండి’ అని వచ్చింది. నెత్తిన కొడితే పలుకుతుందేమోనని కొట్టింది. పలకలేదు. రెండింటికి ఓర్లిన్ వచ్చి మోచెయ్యి ఆనించాడు.

“ఇవాళ పలకదా?”

“పలకదు. ఏదో పట్టింది దీనికి.”

“అలాగా.” ఆయన కాఫీ పోశాడు. పొద్దుతిరుగుడు చేలవైపు చూశాడు. “గాలి బాగానే ఉంది” అన్నాడు. రెండు నిమిషాల్లో ఇంట్లోకి వెళ్లిపోయాడు. వేసవంతా ఇరవై నిమిషాలు నిలబడ్డ మనిషి.

“గురువారం ఆటకు బాగుచేయించి తెస్తా” అని వెర్నా వెనకనుంచి అరిచింది. గురువారం ఆట అంటే మాటలు కాదు. ఓడితే ఇంటికే, గెలిస్తే ముందుకు.

ఆ సాయంత్రం ఆమె ఇంటి ముందు కార్లో కూర్చుని రేడియో కంపెనీకి ఫోను చేసింది. అవతల ఒక అమ్మాయి చాలా మర్యాదగా, “ఆకాశం బాగా కనిపించే చోట కారు నిలపండి మేడమ్” అంది.

“తల్లీ, నేనుండేది ఉత్తర డకోటాలో. ఇక్కడ ఆకాశం తప్ప ఇంకేం కనిపిస్తుంది?”

“చెట్లు, పెద్ద భవనాలు అడ్డం లేకుండా చూసుకోండి.”

“చెట్టు చూడాలంటే పదిమైళ్లు పోవాలి. భవనమంటే ధాన్యం గోదాం ఒక్కటే ఉంది, అదీ నా వెనకాల.”

ఆ అమ్మాయి ఏదో సంకేతం పంపిస్తానంది, పంపించింది, ఏమీ జరగలేదు. వెర్నా విసుక్కుంటూ కారు దిగి, పైకప్పు మీద కోతల దుమ్మంతా తడిగుడ్డతో తుడిచింది. కారు నెత్తిన తిరిగే పసుపు హెచ్చరిక దీపాన్ని బిళ్లకు దూరంగా జరిపింది. బిళ్లను ముందునుంచి వెనక్కి, వెనకనుంచి మధ్యకి మార్చింది. తెరిచిన తలుపులోంచి వంగి మీట నొక్కగానే రేడియో గణగణమంటూ పలికింది. “దుమ్మే, వెధవ దుమ్ము” అనుకుని, ఆపేసి, తలుపేసి, లోపలికి పోయి హాయిగా పడుకుంది.

మంగళవారం మళ్లీ మూగ. ఓర్లిన్ ఫ్లాస్కు కిటికీలోంచి అందించి, ఒక్క నిమిషం నిలబడి వెళ్లాడు.

సాయంత్రం కారు డ్వేన్ దగ్గరికి వెళ్లింది. డ్వేన్ కెల్లర్‌కు యాభై దాటాయి. చేతిలో పని మెల్లగా నడుస్తుంది, నోట్లో మాట మాత్రం పరిగెడుతుంది. అతను కుడి తలుపు బార్లా తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, డబ్బా వెనక తీగ ఊడదీసి మళ్లీ గుచ్చి, మీట నొక్కాడు. రేడియో శుభ్రంగా పాడింది.

“ఏం పోయిందిట దీనికి?” అన్నాడు.

“నువ్వు చూస్తే ఏమీ పోదు. నేను చూస్తేనే పోతుంది.”

“మా అబ్బాయి జ్వరం కూడా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి తగ్గిపోయేది. తీగ వదులైంది, బిగించా. పో, పండగ చేసుకో.” మీట ఆపి, తలుపు మూసి పంపేశాడు.

బుధవారం అంతే, మూగ. పైగా ఆ రోజు వెర్నా ఒక విచిత్రం గమనించింది. పార్సిలు తీయడానికి దిగినప్పుడల్లా వెనకనుంచి రేడియో పాడుతోంది. చటుక్కున మళ్లీ ఎక్కి కూర్చుంటే టక్కున నోరు మూస్తోంది. ఒకసారి కాదు, తొమ్మిది పార్సిళ్లకు తొమ్మిదిసార్లు. ఇది యంత్రం చెడిపోవడం కాదు, కావాలని ఏడిపించడం అని ఆమెకు రూఢి అయిపోయింది.

రెండింటికి డబ్బా దగ్గర ఓర్లిన్ లేడు.

వెర్నా శాండ్‌విచ్ విప్పింది, మళ్లీ చుట్టేసింది. ఇంటివైపు చూసింది. వంటగది కిటికీ పరదా కదిలినట్టుంది, కదలనట్టూ ఉంది. వెళ్లి తలుపు తడదామంటే చేతిలో పార్సిలు లేదు. విత్తనాల కంపెనీ కాగితం ఒక్కటే ఉంది, అది డబ్బాలో చక్కగా పట్టేస్తుంది. పట్టించి వెళ్లిపోయింది. మిగిలిన ముప్పై డబ్బాలకూ తనను తాను తిట్టుకుంటూనే ఉంది.

“నేను దిగితే పాడుతుంది, ఎక్కితే ఆగిపోతుంది” అని ఆ సాయంత్రం డ్వేన్‌తో చెప్పింది.

డ్వేన్ కుడి తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, తల గోక్కున్నాడు. రేడియో నిక్షేపంగా పాడుతోంది. “నీ మీద అలిగిందేమో. ఏమన్నావు దాన్ని?”

“డ్వేన్, నాకిప్పుడు నవ్వే ఓపిక లేదు.”

“లేదు వెర్నా, నిజంగానే అంటున్నా. మనిషి ఒళ్లు అడ్డమొస్తే సంకేతం ఆగుతుందంటారు. నువ్వు కొంచెం తగ్గితే...”

“నీ నాలుక కొంచెం తగ్గించు, చాలు.”

“ఇదిగో, వినబడుతోందా లేదా? నీ చెవులారా విను. ఇంతకీ రేపటి ఆట నీకంత ముఖ్యమైతే సెలవు పెట్టి ఇంట్లో టీవీలో చూసుకోరాదూ?”

ఆట కోసం కాదని చెప్పాలంటే ఓర్లిన్ సంగతి చెప్పాలి. డ్వేన్ నోట్లో నువ్వుగింజ నానదు. రేపు పొద్దున్నకల్లా గోదాం దగ్గర కాఫీ తాగేవాళ్లందరికీ, ఉత్తరాలావిడ ముసలాయన కోసం రేడియో మోసుకెళ్తోందని తెలిసిపోతుంది.

గురువారం పొద్దున్న కూడా తెర మీద అదే మాట. మధ్యాహ్నం పన్నెండింటికి ఆమె పొలాలన్నీ తిరిగి పెద్దరోడ్డుకు వచ్చేసరికి తలప్రాణం తోకకొచ్చింది. కారు తిన్నగా డ్వేన్ షెడ్డులోకి పోనిచ్చి, దిగకుండా హారన్ మోగించింది.

“రా. నేను దిగను. నేను కూర్చుని ఉండగానే చూడు. నీకు బాగుండి నాకు చెడే రోగమేమిటో ఇవాళ తేలాలి.”

డ్వేన్ నోట్లో శాండ్‌విచ్‌తోనే వచ్చాడు. కిటికీలోంచి చూశాడు. తెర మీద ‘యాంటెన్నా చూసుకోండి’ అని ఉంది. “ఊఁ, నిజమే” అన్నాడు. బాగా చూద్దామని ఆమె పక్క తలుపు తెరిచాడు.

రేడియో పాడింది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. డ్వేన్ మెల్లగా తలుపు మూశాడు. రేడియో ఆగింది. తెరిచాడు, పాడింది. మూశాడు, ఆగింది. నాలుగోసారికి అతని చెవులు ఎర్రబడ్డాయి. తలుపు పైఅంచున రబ్బరు పట్టీ తప్పించి చూస్తే, నల్లతీగ తలుపుకీ చట్రానికీ మధ్య నలిగి నలిగి అప్పడంలా చదునైపోయి ఉంది.

“డ్వేన్,” అంది వెర్నా చాలా నెమ్మదిగా. ఆమె నెమ్మదిగా మాట్లాడితే జనం భయపడతారు. “ఈ తీగ ఇటునుంచి ఎందుకు తెచ్చావు?”

“అందరికీ ఇటునుంచే తెస్తా. నడిపేవాడి తలుపు పొద్దస్తమానం తీసి వేస్తుంటారు కదా, తీగ నలుగుతుంది. ఎవరూ వాడని తలుపు అని...” మాట మధ్యలోనే మింగేశాడు.

“ఎవరూ వాడని తలుపు.”

“అలవాటులో అలా...”

“పదహారేళ్లనుంచి నీ ఉత్తరాలు ఏ కిటికీలోంచి నీ చేతికిస్తున్నాను? నీ చేపల గాలాల పార్సిళ్లు ఏ తలుపు తీసుకుని దిగి తెచ్చిస్తున్నాను? రోజుకు పదిసార్లు, డ్వేన్. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామంటే, అదీ నీవల్లే.”

డ్వేన్ శాండ్‌విచ్ కొరికాడు. తీగ లోపల తెగిందనీ, కొత్తది తెప్పించాలనీ, శనివారానికి వస్తుందనీ నమిలేదాకా ఆగి చెప్పాడు.

“ఎలా వస్తుంది?”

“పోస్టులో.” అతను కళ్లు దించుకున్నాడు. “నువ్వే తెస్తావు.”

“మరి ఇవాళో?”

“ఇవాళ్టికి, ఎక్కడైనా ఆగి తలుపు తెరిచిపెట్టుకుంటే పాడుతుంది. నడిపేటప్పుడు మాత్రం తెరవకు, పడిపోతావు.”

ఆ మాట చాలు వెర్నాకు. డబ్బా దగ్గర ఆగేదే కదా కావలసింది. పదిహేను మైళ్లు నిశ్శబ్దంగా నడుపుతూ, డబ్బాల్లో ఉత్తరాలు గబగబా కుక్కుతూ, రెండుకు రెండు నిమిషాల తక్కువలో నూట పద్నాలుగో డబ్బా ముందు ఆగింది. తలుపు బార్లా తెరిచింది. ఆట మధ్యలో ఉంది, మనవాళ్లు ఒకటి వెనక. రేడియో గొంతు పెంచింది. చేలమీద పక్షులు లేచిపోయేంత పెంచింది.

ఓర్లిన్ రాలేదు.

రెండు దాటి ఐదు నిమిషాలైంది, పదైంది. కారు ఇప్పుడు పాడుతోంది, వినాల్సిన మనిషి లేడు. మార్చిలో డబ్బాలో పేరుకున్న ఉత్తరాలు ఆమె కళ్లముందు మెదిలాయి. ఇవాళ ఆయనకొచ్చింది కరెంటు బిల్లొక్కటే, పల్చటి కవరు. డబ్బాలో అలాంటివి రెండొందలు పడతాయి. వెర్నా దాన్ని చేత్తో పట్టుకుని కారు దిగింది. ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ ఉత్తరాల కారుకు తాళం పెట్టకుండా పది అడుగులు దాటని మనిషి, తలుపు అలాగే వదిలేసి అరవై అడుగులు నడిచింది.

వంటగది వైపు చేరేసరికి లోపలినుంచి వ్యాఖ్యాత గొంతు వినబడింది. బంతి ఎత్తుగా లేచిందన్నాడు, వెనక్కి, ఇంకా వెనక్కి అన్నాడు, జనం హోరెత్తారు. వెర్నా నిలబడిపోయింది. నాలుగైదు క్షణాల తర్వాత, ఆమె వెనక రోడ్డు మీద, కార్లోంచి అదే గొంతు అదే మాట చెప్పింది, అదే హోరు వినిపించింది. ఆకాశం దాకా పోయి రావాలి కదా, ఆ మాట వెనకబడే వస్తుంది. ఇంట్లోది మాత్రం గరగరమనని, గంటలా మోగే మామూలు రేడియో.

ఆమె తలుపు తట్టింది. ఓర్లిన్ తీశాడు. ఆమె చేతిలో బిల్లు చూశాడు, ఆమె మొహం చూశాడు, వెనక మోగుతున్న తన రేడియోవైపు చూడకుండా ఉండాలని గట్టిగా ప్రయత్నించాడు.

“మీ రేడియో పోయిందన్నారు” అంది వెర్నా.

“బాగుపడింది.”

“ఎప్పుడు?”

అబద్ధం ఆడటం ఆయనకు చేతకాదు, ఆడిన ఒక్కటీ వేసవంతా మోశాడు. “అసలు పోలేదు” అన్నాడు.

వెర్నాకు కోపం రావాలి, రాలేదు. “మరి నిన్నా ఇవాళా ఎందుకు రాలేదు? నేనేమైపోవాలనుకున్నారు? నాలుగు రోజులుగా ఆ దిక్కుమాలిన తీగ కోసం నేను పడ్డ పాట్లు...”

“నీ రేడియో పలకనప్పుడు నేనొచ్చి నిలబడితే నువ్వు మొహమాటానికి ఆగాలి. నీకు ఆలస్యమవుతుందని.” ఆయన తలుపు పట్టుకుని నిలబడి, నేలచూపులు చూస్తూ మెల్లగా అన్నాడు. “మార్లిస్ ఎప్పుడూ అనేది. ఆ పిల్ల ఎండనకా మంచనకా ఒక్కతే కార్లో తింటూ తిరుగుతోంది, ఓసారి లోపలికి పిలవరాదూ అని. అది ఉన్నంతకాలం నేను పిలవలేదు. ఇప్పుడేమని పిలవను? నువ్వు ఆట పెట్టుకుని కనిపించావు, సరే, అదైనా సాకు అనుకున్నా.”

అంటే ఈయన్ని తను బయటికి లాగుతున్నానని ఆమె అనుకుంటుంటే, తనకు తోడుండటానికి ఈయన రోజూ చెప్పులేసుకుని రోడ్డుదాకా నడిచొస్తున్నాడన్నమాట. వెర్నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గాలి అనుకుందాం.

ఆయన భుజం మీదుగా బల్ల కనిపించింది. రెండు కప్పులు, రెండు పళ్లాలు సర్ది ఉన్నాయి.

“ఎవరైనా వస్తున్నారా?”

“లేదు. మంగళవారంనుంచీ పెడుతున్నా.” ఓర్లిన్ గొంతు సవరించుకున్నాడు. “కాఫీ తాగుతావా?”

రెండుసార్లు వద్దనాలి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆమె అలాగే అంటోంది.

“తాగుతాను” అంది వెర్నా.

ఓర్లిన్ ఒక్క క్షణం తెల్లబోయి, పక్కకు తప్పుకుని దారిచ్చాడు. ఒక పదిహేను నిమిషాలు ఇద్దరూ వంటగదిలో ఆట విన్నారు. వాళ్ల వెనకే, నాలుగు క్షణాలు ఆలస్యంగా, రోడ్డు మీద ఖాళీ కారు అదే ఆట చేలకు వినిపించింది. సాయంత్రానికి మనవాళ్లు ఓడిపోయారు. అది చెప్పుకోవాల్సిన విషయం కాదు.

శనివారం కొత్త యాంటెన్నా పోస్టులో వచ్చింది. వెర్నా స్వయంగా కుడి తలుపు తీసుకుని దిగి డ్వేన్ చేతికి ఇచ్చింది. “సోమవారం కారు వదిలెయ్, ఎడమ తలుపునుంచి వేస్తా, ఒట్టు” అన్నాడు డ్వేన్. “వచ్చేవారం తీరిక లేదు” అంది. తర్వాతి వారమూ లేదు. నవంబరులో మంచు పడింది, అప్పుడూ లేదు.

ఇప్పుడు రోజూ రెండింటికి ఆమె కారు ఓర్లిన్ ఆస్బీ వాకిట్లో తాళం వేసి ఉంటుంది. ఎవరైనా అడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు, కార్లో రేడియో పాడైంది కాబట్టి ఆట కోసం లోపలికి వెళ్తోందని. మళ్లీ ఆటలు మొదలయ్యేది వసంతంలోనేనని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. అయినా డ్వేన్‌తో సహా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కొత్త తీగ అతని బల్ల మీద, విప్పని పెట్టెలో అలాగే ఉంది.